గ్రీన్ అన్నవాడికి జవాబు

ఆదివారం తెల్లవారుతూనే ఏలియా పెరట్లో వేపపుల్ల నములుతూ బండి చప్పుడు విన్నాడు. లోడు బండి. ఖాళీ బండైతే పట్టాల మీద గలగలమంటూ పోతుంది. ఖనిజం నింపుకున్న బండి నేల లోపలి నుంచి మూలుగుతుంది. గీదం స్టేషను దాటి జగదల్‌పూర్ వైపు వెళ్లిపోయేదాకా విని, పుల్ల పారేసి నోరు కడుక్కున్నాడు. ఉద్యోగమంతా ఆ లైను మీదే గూడ్సు బండి తోలాడు. రిటైరయ్యాక శృంగవరపుకోట దగ్గరున్న సొంతూరికి వెళ్లలేదు. ఇక్కడే రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఎందుకు ఉండిపోయావని అడిగినవాళ్లకు జవాబు చెప్పేవాడు కాదు. భార్య నూకమ్మ సమాధి ఈ ఊళ్లో ఉంది.

లోపలి గదిలో కూతురు శాంతిప్రియ అప్పటికే కంప్యూటరు ముందు కూర్చుంది. ఆమె దంతెవాడలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. వారమంతా జీపులో పోయి వస్తుంది. ఆదివారం మాత్రం ఆ బల్ల వదలదు. కంప్యూటరులో కార్లు తోలే ఆట అది. పిల్లలాట కాదని తండ్రికి చాలాసార్లు చెప్పింది. ఆడేవాళ్లు బల్లకు స్టీరింగు బిగించుకుంటారు, కాళ్ల కింద పెడళ్లు పెట్టుకుంటారు. అందులోనూ టైరు అరుగుతుంది, ఆయిలు అయిపోతుంది, వాన పడితే కారు జారుతుంది. ఎవరి ఊళ్లో వాళ్లుంటారు. దారి మాత్రం అందరికీ ఒకటే.

శాంతిప్రియ తోలదు. తోలించేది ఆమె. రేసుకు రోజు పెట్టేది, జట్లను కూర్చేది, ఒకరినొకరు గుద్దుకుంటే తప్పెవరిదో తేల్చేది ఆమె. దాన్ని రేస్ కంట్రోలు అంటారు. ఇంతకుముందు చిన్న రేసులు చాలా నడిపింది. ఈ రోజుది పెద్దది. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. ఒక్కో కారుకు ముగ్గురు డ్రైవర్లు, వంతులు వేసుకుని తోలాలి. ఇది సాఫీగా నడిస్తే రాయపూర్ జట్లు, విశాఖ జట్లు ఏడాదంతా ఆమె దగ్గరే ఆడతామన్నాయి. మధ్యలో ఆగిపోతే ఇంకెవరూ నమ్మరు. నెలల తరబడి చేసిన పని నీళ్ల పాలవుతుంది.

ఏలియా గుమ్మంలో నిలబడ్డాడు.

"చర్చికి రావా?"

"ఈ ఒక్క వారం నువ్వెళ్లు నాన్నా. చెప్పాను కదా."

"దేవుడికి గంట ఇవ్వలేవు. ఆటకి పన్నెండు గంటలిస్తావు."

"దేవుడు ఆగుతాడు నాన్నా. వీళ్లు ఆరు కొడితే ఆగరు."

నవ్వు రావలసిన మాటే. ఏలియాకు రాలేదు. నూకమ్మ ఉంటే ఇద్దరికీ బదులు తనే నవ్వేది.

ఇంజను మీద ఒక పద్ధతి ఉంది. సిగ్నలు కనపడగానే డ్రైవరు దాని రంగు పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు అదే మాట తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పలేదంటే వాడు చూడలేదన్నమాట. అప్పుడు డ్రైవరు మళ్లీ చెప్పాలి. పెళ్లయిన కొత్తలో ఏలియా ఇంట్లో కూడా అలాగే మాట్లాడేవాడు. ఒక్కొక్క మాటే. కంచం ముందు కూర్చుని "ఉప్పు" అనేవాడు. నూకమ్మ వెక్కిరింపుగా "ఉప్పు" అని తిరిగి చెప్పి మరీ వడ్డించేది. "నీళ్లు" అంటే "నీళ్లు". వెక్కిరింపు పోయి అలవాటు మిగిలింది. ఆమె పోయాక ఆ ఇంట్లో ఏ మాటకూ మాట తిరిగి రాలేదు.

చొక్కా తొడుక్కుంటుంటే లోపలి నుంచి కూతురి గొంతు వినిపించింది. డ్రైవర్లకు ముందుగా నియమాలు చెబుతోంది. కొంత తెలుగు, కొంత హిందీ. గుద్దితే ఏ శిక్ష, దారి ఇవ్వకపోతే ఏ శిక్ష, అన్నీ చెప్పుకుంటూ వచ్చి చివర ఒక మాట అంది. "కన్ను మూతపడుతుంటే కంట్రోలుకి చెప్పి దిగిపోండి. దానికి శిక్ష లేదు. దిగినవాణ్ణి ఎందుకు దిగావని ఎవరూ అడగకూడదు. మిగతా లీగుల్లో ఈ రూలు ఉండదు. మన దగ్గర ఉంటుంది."

బొత్తాం పెట్టుకుంటున్న ఏలియా చెయ్యి ఆగింది. ఆ మాట ఎక్కడో విన్నట్టుంది. ఎక్కడో గుర్తుకు రాలేదు. బైబిలు సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరాడు.

చర్చిలో ప్రభువు ప్రార్థన అందరితో పాటు బిగ్గరగా చెబుతాడు ఏలియా. క్షమించడం గురించిన ఒక్క వాక్యం దగ్గర మాత్రం నోరు మూసుకుంటాడు. తొమ్మిదేళ్లుగా అంతే. ఆ వాక్యం దాటాక మళ్లీ అందుకుంటాడు. ఈ సంగతి దేవుడికీ శాంతిప్రియకూ తప్ప ఎవరికీ తెలియదు.

క్షమించనిది పాల్‌ని. పాల్ నూకమ్మ తమ్ముడు. రైల్వేలో చేరిన కొత్తలో ఏలియా పక్కనే అసిస్టెంటుగా కూర్చుని పని నేర్చుకున్నాడు. వర్షాకాలంలో ఒక రోజు, ఏలియా లోడు బండితో ఒక చిన్న స్టేషనులో ఆగి ఉండగా కబురొచ్చింది. నూకమ్మకు మలేరియా తలకెక్కింది, జగదల్‌పూర్ ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. బండి వదిలి రావాలంటే ఆ బండి ఎక్కడానికి ఇంకొక డ్రైవరు కావాలి. డ్యూటీ దిగిన డ్రైవర్లు పడుకునే దగ్గరి రన్నింగ్ రూములో ఉన్నది పాల్ ఒక్కడే. అతను రాత్రంతా ఘాటు కొండదారిలో బండి తోలి అప్పుడే పడుకున్నాడు. లేపి సంగతంతా చెప్పారు. "నా కన్ను ఆగట్లేదు. నేను బండి ఎక్కను" అన్నాడు. ఇంకొక డ్రైవరు వచ్చేసరికి సాయంత్రమైంది. ఏలియా ఆసుపత్రికి చేరేసరికి నూకమ్మ ముఖం మీద గుడ్డ కప్పి ఉంది.

భూస్థాపన రోజున పాల్ సమాధుల తోట గేటు బయట వానలో నిలబడ్డాడు. లోపలికి అడుగు పెడితే గొంతు నులిమేస్తానని ఏలియా అన్నాడు. అక్క మీద పిడికెడు మట్టి వెయ్యకుండానే పాల్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతని పేరు ఆ ఇంట్లో వినపడలేదు.

చర్చి నుంచి వస్తుంటే పక్కింటి నాగేశ్వరమ్మ కంచె పక్కన చింతపండు ఆరబోస్తోంది. కోంటా వైపు మనిషి. నోరు ఊరుకోదు.

"ఏంది ఏలియన్నా, మీ ఇంట్ల పొద్దుగాల నుంచి మగోళ్ల గొంతులు ఇనవడ్తున్నయ్. సుట్టాలొచ్చిన్రా?"

"కంప్యూటరులోంచి."

"కంప్యూటర్ల నుంచా. మరి చాయలు ఎవలకు వోస్తున్నవే?" అని ఆమె తన మాటకు తనే నవ్వుకుంది.

నిజమే. ఎప్పుడూ శాంతిప్రియ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటుంది. ఆ రోజు దాని వైరు ఎలుక కొరికింది. అందుకని స్పీకరు పెట్టింది. డ్రైవర్ల మాటలన్నీ వీధిలోకి వినిపిస్తున్నాయి. జగదల్‌పూర్ నుంచి తేజ అనే కుర్రాడు రేసు ఎలా సాగుతోందో చెబుతున్నాడు. ఎవరో టైర్లు మార్చమంటున్నారు. ఇంకెవరో ఆయిలు గురించి సణుగుతున్నారు. ఏలియా అరుగు మీద చెప్పులు విప్పుతున్నాడు.

"గ్రీన్" అంది ఒక గొంతు.

ఏలియా నోరు దానంతటదే తెరుచుకుంది. నాలుక మీదికి జవాబు వచ్చేసింది. బలవంతాన మింగాడు. ఒక క్షణం ఆగి ఆ గొంతు మళ్లీ "గ్రీన్" అంది. ఎవరూ తిరిగి చెప్పలేదు. "అంకుల్ మళ్లీ మొదలెట్టాడు" అని ఎవరో కుర్రాడు నవ్వాడు.

ఏలియా చెప్పు చేత్తో పట్టుకునే గదిలోకి వచ్చాడు.

"ఎవుడాడు?"

శాంతిప్రియ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. మైకు మూసేసి చెప్పింది. "నీకు తెలుసు నాన్నా."

"నీ నోటితో చెప్పు."

"పాల్ మావయ్య."

చాలాకాలం తర్వాత ఆ పేరు ఆ గోడల మధ్య వినపడింది. ఎన్నాళ్ల నుంచని ఏలియా అడిగాడు. ఏడాదిగా, అంది ఆమె. తాను పిలవలేదని చెప్పింది. రిటైరయ్యాక మావయ్య కొత్తవలసలో ఊరకే కూర్చోలేక స్టీరింగు కొనుక్కున్నాడట. తెలుగువాళ్ల రేసులు ఎక్కడున్నాయని వెతుక్కుంటూ వచ్చాడట. వచ్చాక గాని ఇది మేనకోడలి లీగని తెలియలేదట. టైర్ల గురించి, దారి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదంది.

"తీసెయ్ ఆణ్ణి."

"ఏ రూలు కింద?"

"నా ఇంటి రూలు కింద."

"మూడో స్థానంలో తోలుతున్నాడు. ఎవరినీ గుద్దలేదు. ఎవరికీ అడ్డం రాలేదు. తీసెయ్యమంటే కారణం అందరికీ చెప్పాలి. ఏటని చెప్పను నాన్నా? తొమ్మిదేళ్ల క్రితం నిద్రొచ్చిందని చెప్పాడు, అందుకు తీసేశానని చెప్పనా?"

"నీ తల్లి చచ్చిపోయిందే ఆ నిద్రకి."

"అమ్మ మలేరియాతో పోయింది."

ఏలియా చేతిలోని చెప్పు కింద పడింది. ఇంట్లో ఎవరూ ఆ మాట అంత సూటిగా అనలేదు. ఏం చెయ్యాలో తెలియక గోడ దగ్గరికి నడిచాడు. పొద్దుటి నుంచి కరెంటు లేదు. కంప్యూటరు ఇన్వర్టరు మీద నడుస్తోంది. దాని బ్యాటరీకి నీళ్లు పోసి, వైర్ల చివర్లు తుడిచి కాపాడేది తనే. స్విచ్చి మీద వేలు పెట్టాడు.

"ఆపుతాను."

శాంతిప్రియ కుర్చీలోంచి లేవలేదు. బతిమాలలేదు. ముఖం మాత్రం పాలిపోయింది.

"ఆపు నాన్నా. నీ బ్యాటరీ. కానీ ఒక్క నిమిషం ఆగు. దారి మీద ఉన్నవాళ్లకి చెప్పనీ. బండి నడుస్తుండగా డ్రైవరుకి చెప్పకుండా కంట్రోలు పోకూడదు. అది నువ్వే అనేవాడివి."

ఏలియా వేలు స్విచ్చి మీదే ఉంది. ఘాటు సొరంగాల మధ్య కంట్రోలు ఫోను మూగబోయిన రోజులు అతనికి తెలుసు. వెనక టన్నుల కొద్దీ ఖనిజం, ముందు ఏముందో చెప్పే గొంతు లేదు. ఆ భయం ఇంకా పోలేదు.

"ఆ నిద్ర రూలు," అన్నాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వు. నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు. వంటింట్లో మావయ్యకి అన్నం పెడుతూ చెప్పావు. కన్ను మూతపడుతుంటే ఎవరు రమ్మన్నా బండి ఎక్కకు, ఆఖరికి నేను రమ్మన్నా ఎక్కకు అన్నావు. అమ్మ కూడా విన్నాది. 'ఎక్కకు' అని తిరిగి చెప్పింది నీ అలవాటు ప్రకారం."

ఏలియా వేలు తీసేశాడు. ఆ చెప్పు అక్కడే వదిలేసి ఉత్త కాళ్లతో బయటికి వెళ్లిపోయాడు.

ఎండ ముదిరింది. రైలు గేటు దాకా నడిచి, గేటు పక్కన రాతి మీద కూర్చున్నాడు. ఇక్కడే నూకమ్మ నిలబడేది. ఏలియా బండి గీదంలో నెమ్మదిస్తుందని ముందే తెలుసుకుని కారియరు పట్టుకుని వచ్చేది. ఇంజను మెట్టు మీద నుంచి పాల్ ఒంగి అందుకునేవాడు. రెండు గిన్నెలు భర్తవి, ఒక గిన్నె తమ్ముడిది. తమ్ముడి గిన్నెలో ఎండు చేప ఎక్కువ వేసేదని ఏలియా దెప్పేవాడు. "ఆడికి పెళ్లాం లేదు కదా" అనేది. పాల్‌కి పెళ్లయ్యాక కూడా అదే జవాబు చెప్పి నవ్వేది. బండి కదిలాక ఇంజనులోంచి పాల్ "గ్రీన్" అని అరిచేవాడు, అక్కకు వినపడాలని. గేటు దగ్గర నుంచి ఆమె "గ్రీన్" అనేది. చదువు లేదు గాని రంగులన్నీ తెలుసు ఆమెకి.

ఇప్పుడు ఖాళీ బండి ఒకటి కిరండూల్ వైపు గలగలమంటూ పోయింది. ఇంజనులో కుర్ర డ్రైవరు పెద్దాయన్ని చూసి చెయ్యి ఊపాడు. ఏలియా ఊపలేదు.

ఆ రోజు పాల్ బండి ఎక్కి ఉంటే ఏమయ్యేది. ఆ ప్రశ్న ఏలియా ఎప్పుడూ పూర్తిగా అడుక్కోలేదు. రాత్రంతా తోలి వచ్చినవాడు. లోడు బండి. దిగుడు దారి, వాన, సొరంగాలు. తనకంటే బాగా ఆ లెక్క ఎవరికి తెలుసు. పాల్ ఎక్కి ఉంటే తాను నూకమ్మ దగ్గరికి చేరేవాడేమో. బండి ఎక్కడికి చేరేదో మాత్రం చెప్పలేడు. పాల్ చేసింది తప్పై ఉంటే ఎప్పుడో క్షమించేసేవాడు. తప్పు కాదు గనకే ఇన్నాళ్లూ క్షమించలేకపోయాడు. కోపం పెట్టుకోవడానికి ఇంకెవరూ దొరకలేదు.

పొద్దు వాలాక మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. ఏలియా ఇంటికి వచ్చాడు. శాంతిప్రియ అదే కుర్చీలో ఉంది. పొద్దుటి టీ గ్లాసు పక్కనే మీగడ కట్టి ఉంది. గుమ్మం దగ్గర ఆ చెప్పు రెండోదాని పక్కన జోడుగా సర్ది ఉంది. ఏలియా వంటింట్లోకి పోయి ఉప్మా కలిపి తెచ్చి ఆమె మోచేతి దగ్గర పెట్టాడు. గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. ఆమె ఒకసారి తల తిప్పి చూసి మళ్లీ తెర వైపు తిరిగింది.

తెర మీద కార్లు తిరుగుతున్నాయి. విశాఖ, కొత్తవలసల్లోనూ వాన పడుతోందట. పాల్ జట్టులో మిగతా ఇద్దరికీ నెట్టు పోయింది. పొద్దుటి నుంచి మూడో స్థానం కాపాడుకుంటూ వస్తున్న కారు ఇప్పుడు పాల్ ఒక్కడి చేతిలోనే ఉంది. ఇంకొక గంట తోలితే చాలు.

అప్పుడు స్పీకరులోంచి ఆ గొంతు వచ్చింది. అలిసిపోయి ఉంది.

"కంట్రోల్. కన్ను ఆగట్లేదు. దిగుతున్నాను."

"దిగండి," అంది శాంతిప్రియ. అందరితో మాట్లాడే గొంతుతోనే అంది.

"అయ్యో అంకుల్, ఇంకొక్క గంటే కదా," అన్నాడు తేజ. "మూడో స్థానం పోతుంది. ఆటే కదా, పడుకున్నా ఎవరూ చావరు."



"ఆటైనా కళ్లు అవే కదా బాబూ," అన్నాడు పాల్. "నా వెనకాల నలుగురు పిల్లలు పొద్దుటి నుంచి తోలుతున్నారు. నేను తూగితే వాళ్లకి తగులుతాది. ఒకసారి ఇలాగే దిగాను. నా సొంత అక్క కోసం పిలిచినా ఎక్కలేదు. మా బావ నేర్పిన పద్ధతి అది. ఆయన నాతో మాట్లాడడు. పద్ధతి మాత్రం నా దగ్గరే ఉంది."

శాంతిప్రియ మైకు మూసి కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత మైకు తెరిచి, దిగినవాణ్ణి ఎందుకని అడగకూడదన్న రూలు తేజకి కూడా వర్తిస్తుందని చెప్పింది. తేజ సారీ అన్నాడు. పాల్ కారు దారి పక్కన కార్లు ఆగే పిట్‌లోకి వచ్చి ఆగింది. ఒక్కొక్క కారే దాన్ని దాటిపోయింది. మూడో స్థానం నాలుగైంది, ఆరైంది, తర్వాత తెర మీది పట్టీలో కిందికి జారి కనపడకుండా పోయింది.

ఏలియా గోడకి ఆనుకునే ఉన్నాడు.  కూతురు వెనక్కి తిరగలేదు. తిరిగితే లేచి వెళ్లిపోతాడని ఆమెకి తెలుసు.

రేసు ముగియడానికి కాస్త ముందు పాల్ మళ్లీ వచ్చాడు. ముఖం కడుక్కుని కాసేపు పడుకుని లేచానన్నాడు. గెలిచేది లేదు, కారుని గీత దాటించి ముగిస్తానన్నాడు. పిట్ చివర ఎర్ర దీపం వెలుగుతోంది. కారు దాని ముందు ఆగింది. దీపం పచ్చగా మారింది.

"గ్రీన్," అన్నాడు పాల్.

ఎవరూ పలకలేదు. కారు కదలలేదు. అది పాల్ అలవాటు. ఒక్క క్షణం ఆగుతాడు.

"గ్రీన్," అన్నాడు మళ్లీ.

ఏలియా లేచాడు.  రెండడుగులు వేసి బల్ల మీద చెయ్యి ఆనించి మైకు దగ్గరికి ఒంగాడు.

"గ్రీన్."

  పచ్చ దీపం ముందు కారు అలాగే నిలబడి ఉంది. చాలాసేపటికి ఒక్క మాట వచ్చింది.

"బావా."

"బండి తోలు ముందు. దీపం ఇచ్చాక నిలబడకూడదు."

కారు కదిలింది. మెల్లగా, జాగ్రత్తగా, వెనక లోడున్నట్టే తోలుకుంటూ పోయాడు. ప్రతి మలుపు దగ్గరా దీపం రంగు చెప్పాడు. ప్రతిసారీ ఏలియా తిరిగి చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆరు కొట్టేసరికి అందరికంటే చివరగా పాల్ కారు గీత దాటింది. గెలిచిన జట్టు పేరు శాంతిప్రియ చదివింది గాని, ఆమె గొంతు సరిగా లేక తేజ మళ్లీ చదవాల్సి వచ్చింది.

అందరూ వెళ్లిపోయాక పాల్ ఒక్కడే మిగిలాడు.

"బావా, అక్క దగ్గరికి ఒక్కసారి..." అని మధ్యలో ఆగిపోయాడు.

ఏలియా కిటికీ వైపు చూశాడు. వాన జోరుగా పడుతోంది. గేటు బయట తడుస్తూ నిలబడ్డ మనిషి కళ్ల ముందు మెదిలాడు. ఆ రోజు ఆ మనిషి కూడా ఒక అక్కని పోగొట్టుకున్నాడని ఇన్నేళ్లలో తనకొక్కసారీ తట్టలేదు.

"కిరండూల్ పాసింజరుకి రా," అన్నాడు. "నేను స్టేషనుకి వస్తాను. ముందు సమాధి దగ్గరికే పోదాం. గేటు నేను తీస్తాను. మట్టి వేద్దువుగాని."

అవతల నుంచి ఏడుపు వినపడింది. ఏలియా స్పీకరు ఆపలేదు. ఏడవనిచ్చాడు.

కరెంటు వచ్చింది. అతను ఇన్వర్టరు బ్యాటరీ ఒకసారి తడిమి చూసి వంటింట్లోకి వెళ్లాడు. అటక మీద నుంచి మూడు గిన్నెల కారియరు దించి బూడిదతో తోమాడు. పొయ్యి మీద ఎసరు పెట్టాడు. శాంతిప్రియ బల్ల మీద తల వాల్చి కళ్లు తుడుచుకుంటూ ఆ చప్పుళ్లన్నీ వింటూ కూర్చుంది. ఉడికిన బియ్యం వాసన గదిలోకి వచ్చింది.

"అన్నం," అన్నాడు ఏలియా వంటింట్లోంచి.

ఆమె తలెత్తింది.

"అన్నం," అంది.